పరీక్ష రోజున పోయిన వైఫై

మొన్న ఆదివారం మా కోడలు లాప్‌టాప్ తెరిచి, వైఫై గుర్తే కనబడటం లేదనీ, దానంతటదే అప్‌డేట్ అయిపోయినట్టుందనీ నవ్వుతూ చెప్పి, ఫోన్‌లోంచి నెట్ కలుపుకుని తన పని తాను చేసుకుపోయింది. ఆ అమ్మాయికి అది ఒక నిమిషం చిరాకు. నేను మాత్రం వలుస్తున్న చిక్కుడుకాయల పళ్ళెం కింద పెట్టేశాను. అరచేతులు చెమట పట్టేశాయి. ఇన్నేళ్ళ తర్వాత, నా సొంత ఇంట్లో, ఎవరూ నన్ను ఏమీ అనకుండానే.

నా ఈడు వాళ్ళకి చెబితే ఇది అర్థమవుతుంది. ముప్పై దాటాక కంప్యూటర్ ముందు కూర్చోవలసి వచ్చిన వాళ్ళం మనం. ఏ మీట నొక్కితే ఏం పేలిపోతుందోనని వేలు గాల్లోనే ఆగిపోయేది. మా ఆయన చెరకు లారీ మీంచి జారిపడి నడుం దెబ్బతిని మంచం పట్టిన ఏడాది, ఎప్పుడో నేర్చుకున్న టైపు చూపించి అనకాపల్లిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. మునగపాక నుంచి పొద్దున్నే బస్సు. చెరకు కొట్టే రోజుల్లో ముందు బళ్ళు, వెనక ట్రాక్టర్లు, మధ్యలో మా బస్సు. ఆలస్యమైతే ఉద్యోగం పోతుందని కిటికీ ఊచ పట్టుకుని దారంతా వణుకుతూ వెళ్ళేదాన్ని. ఆ ఉద్యోగం ఒక్కటే మా ఇంటిని నిలబెడుతోందని నాకు తెలుసు, మా ఆయనకీ తెలుసు, అందుకే ఇద్దరం దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు.

ఆ రోజుల్లోనే పరీక్ష పేపర్లు నెట్‌లో రావడం మొదలైంది. పది గంటల పరీక్షకి అరగంట ముందు యూనివర్సిటీ వాళ్ళ సైట్ తెరుచుకుంటుంది. పేపరు దింపుకుని, అచ్చు తీసి, జిరాక్సులు చేసి గదులకి పంచాలి. దానికోసం ఒకే ఒక లాప్‌టాప్‌ను రిజిస్టరు చేసి పరీక్షల గదిలో పెట్టారు. వేరే కంప్యూటర్‌లో ఆ సైట్ తెరుచుకోదు. అంతకు ముందు దాన్ని వైరస్ తినేసిందని, కంప్యూటర్లు చెప్పే కుర్ర లెక్చరరు ఒకాయన అందులో విండోస్ తీసేసి లైనక్స్ వేసి, అంతా సర్ది, తర్వాత విశాఖపట్నంలో వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయారు. కేబుల్ పెట్టే చోటు ఎప్పుడో విరిగిపోయింది కాబట్టి ఆ లాప్‌టాప్‌కి వైఫై ఒక్కటే ఆధారం. మా చేతుల్లో ఉన్నవేమో మీటల ఫోన్లు.

పరీక్షలు మొదలయ్యే ముందు రోజు సాయంత్రం ప్రింటరు సరిచూస్తుంటే తెర మూల ఎర్ర గుర్తు కనబడింది. అప్‌డేట్‌లు ఉన్నాయి, చేయమంటారా అని అడుగుతోంది. నెల రోజులుగా అడుగుతూనే ఉంది. రేపు మధ్యలో ఇదేదైనా అడ్డం పడుతుందేమోనన్న భయంతోనే, నిజంగా భయంతోనే, సరే అని నొక్కాను. అక్షరాలూ అంకెలూ గబగబా పైకి పాకిపోతూ ఉంటే ఏదో గొప్ప పని చేస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను. అయిపోయాక ఆపేసి, తాళం వేసి, బస్సెక్కాను.

మర్నాడు ఎనిమిదిన్నరకి లాప్‌టాప్ తెరిస్తే వైఫై గుర్తు లేదు. ఎర్రగా లేదు, తెగినట్టు లేదు, అసలు ఆ చోటే ఖాళీగా ఉంది. ఆపి, మళ్ళీ ఆన్ చేశాను. అంతే.

అప్పటికే పరీక్షల ఇన్‌ఛార్జి మాస్టారు వచ్చేశారు. లెక్కలు చెప్పే పెద్దాయన, చెడ్డవారు కారు గానీ కంగారెక్కువ. నా ముఖం చూసి, తెర చూసి, ఆ వెంటనే గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండరును చూశారు. అటెండరుది బుచ్చయ్యపేట వైపు ఊరు. కాలేజీ పెట్టిన నాటి నుంచి ఉన్న మనిషి. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. పొద్దున గది తుడిచింది ఆయనే.

"ఏటయ్యా, కింద గానీ పడేసేవా దీన్ని?" అన్నారు మాస్టారు.

"నానేటీ సెయ్యలేదు బాబూ. పైపైన గుడ్డెట్టి తుడిసేను, అంతే."

"అంతే అంటే అదెందుకు పాడవుద్దీ?"

నేను నోరు తెరవవలసింది అప్పుడు. నిన్న సాయంత్రం నేనే ముట్టుకున్నానని ఒక్క మాట. ఉద్యోగం పోతే మా ఆయన మందులేమిటి, పిల్లాడి చదువేమిటి అన్నదే కళ్ళ ముందు తిరుగుతోంది. ఏమీ అనలేదు. తల వంచుకుని, విశాఖపట్నం వెళ్ళిపోయిన లెక్చరరుగారికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాను.

ఆయన పుణ్యమా అని మొదటిసారే ఎత్తారు. ఎలమంచిలి వైపు వెళ్ళే బస్సులో ఉన్నారట, హోరులో మాట తెగి తెగి వినబడుతోంది. పక్కనున్న వైఫై మీట చూడమన్నారు, బాగానే ఉంది. నల్ల తెరలో ఒక ఆజ్ఞ టైపు చేయించి, వైఫై ఎక్కడైనా మూతపడిందేమో చూడమన్నారు, లేదు. అప్పుడు అడిగారు.

"మేడమ్, ఈ మధ్య అప్‌డేట్ గానీ ఏమైనా చేశారా?"

మాస్టారు నన్నే చూస్తున్నారు. బాబాయ్ కూడా.

"లేదండీ," అన్నాను.

అలా అన్నప్పుడు నా గొంతు ఎంత మామూలుగా ఉందో ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. లోపల ఏమీ మారలేదంటే వైఫై కార్డు కదిలి ఉంటుందన్నారాయన. వెనక మూత విప్పి, కార్డు తీసి మళ్ళీ గట్టిగా పెట్టమన్నారు. కార్డు కదిలిందన్న మాట వినగానే మాస్టారు, నేను అనుకున్నదే, పడేశాడు అంటూ బయటికి వెళ్ళి యాజమాన్యానికి ఫోన్ చేసి బాబాయ్ పేరు చెప్పేశారు. ఆ మాటలు గోడ అవతలి నుంచి మాకు వినబడుతూనే ఉన్నాయి. బాబాయ్ స్క్రూడ్రైవర్ కోసం ల్యాబ్‌కి పరుగెత్తాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మెట్లు రెండేసి దిగుతూ. తెచ్చి నా చేతికిచ్చాడు. ఇద్దరిదీ ఒకే భయం, కాకపోతే ఆయనది చేయని తప్పుకి.

అగ్గిపెట్టె కంటే చిన్నది ఆ కార్డు. రెండు సన్నటి తీగలు ఊడదీసి, తీసి, పెట్టి, మూత బిగించేసరికి తొమ్మిదీ ఇరవై. ఆన్ చేశాము. గుర్తు రాలేదు. కిటికీలోంచి పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని గుంపులుగా రావడం కనబడుతోంది.

లెక్చరరుగారు మరో ఆజ్ఞ కొట్టించారు. వరసగా వచ్చిన పేర్లలో మా కార్డు పేరు ఉంది. కార్డు బతికే ఉందన్నారు. అయితే దాన్ని నడిపించే డ్రైవరును పిలవమంటూ ఇంకొకటి కొట్టించారు. ఆ డ్రైవరు ఫలానా నంబరు ఫోల్డర్‌లో లేదని జవాబొచ్చింది. ఆ నంబరు నేను గుర్తుపట్టాను. నిన్న సాయంత్రం పైకి పాకిపోయిన వరసల్లో పదే పదే కనబడిన నంబరే అది. అక్కడ నా సంతకం పెట్టి ఉన్నట్టే ఉంది.

మాస్టారు అప్పుడే లోపలికొచ్చి బాబాయ్‌ని రేపటి నుంచి ఈ గది గడప తొక్కవద్దన్నారు. బాబాయ్ భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"నేనేనండీ," అన్నాను. ఫోన్‌లోకన్నానో గదిలోకన్నానో తెలియదు. "నిన్న సాయంత్రం అప్‌డేట్ చేసింది నేనే. బాబాయ్ ముట్టుకోలేదు."

ఫోన్‌లో బస్సు హోరు తర్వాత లెక్చరరుగారి గొంతు వచ్చింది.

"ఆ ముక్క ముందే చెప్పుంటే అయిపోయేది కదా మేడమ్! కొత్త కెర్నల్ వచ్చింది, లైనక్స్‌కి గుండెకాయ లాంటిది అది, దానికి ఈ కార్డు డ్రైవరు తయారవలేదు. పాతది పక్కనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఆపి, మళ్ళీ ఆన్ చేసేటప్పుడు షిఫ్ట్ మీట పట్టుకోండి."

పట్టుకున్నాను. నల్ల తెర మీద రెండు మూడు వరసలు వచ్చాయి. పాత నంబరున్న వరస మీదికి వెళ్ళి నొక్కాను. తెర వెలిగేంత సేపూ ఊపిరి తీసుకోలేదేమో, మూలన ఆ చిన్న గుర్తు కనబడగానే కుర్చీ చేతిని పట్టుకుని ఏడ్చేశాను. తొమ్మిదీ ముప్పై ఎనిమిది. పేపరు దిగింది. పరీక్ష పది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. కరెంటు పోయి ఉంటుందనుకున్నారు పిల్లలు.

నా ఉద్యోగం పోలేదు. మాస్టారు వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత మామూలైపోయారు. యాజమాన్యం దగ్గరికి నేనే వెళ్ళి జరిగింది చెప్పాను. బాబాయ్‌ని మళ్ళీ పరీక్షల గదికి పంపించారు. ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తే, "పోన్లే తల్లీ, బయమేత్తే ఎవరికైనా నోరు రాదు," అన్నాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా ఆ గది తుడవడానికి వస్తే గుమ్మం దగ్గరే ఆగి, "బల్ల తుడవమంటావా అమ్మా?" అని అడిగేవాడు. అంతకు ముందు ఎన్నడూ అడగని మనిషి. నేను చూస్తుండగా మాత్రమే తుడిచేవాడు. నా భయం ఆయన దగ్గర కూడా ఉండిపోయింది.

ఇప్పుడు యంత్రాలు వాటంతటవే మారతాయి, వాటంతటవే పాడవుతాయి, ఒక దారి మూసుకుపోతే చేతిలో ఇంకో దారి ఉంటుంది. ఎవరు చేశారని అడిగేవాళ్ళు లేరు. చేయనివాళ్ళు నిలబడి మాట పడనక్కరలేదు. మంచిదే, ఆ వణుకు ఎవరికీ వద్దు. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది, నేనే చేశానని నలుగురిలో చెప్పవలసిన గడియ ఈ పిల్లలకి ఎప్పుడైనా వస్తుందా, వస్తే ఎంత సేపట్లో చెబుతారు అని. నాకు యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాలూ ఏ పాత వరస మీదికి వెళ్ళి నొక్కినా తిరిగి రావు.