నాయిన నోట చిన్నాయిన మాట

నా చిన్నప్పుడు రఘునాథపల్లి దగ్గర మా నాయినకు, చిన్నాయినకు కలిపి ఒకటే వ్యవసాయ బావి ఉండేది. ఇద్దరూ వంతులవారీగా ఎడ్లతో మోట కొట్టి నీళ్లు పారించుకునేవాళ్లు. ఒక ఎండాకాలం నాయిన ఆయిల్ ఇంజన్ పెట్టాడు. రాత్రంతా ఊరిన నీళ్లను అది తెల్లవారకముందే తోడేసేది. చిన్నాయిన ఎడ్లతో వచ్చేసరికి మోట బొక్కెన బురదకు తగిలేది.

మాటా మాటా పెరిగి చిన్నాయిన జనగామ పోయి వకీలును కలిశాడు. కేసు వేస్తే, అది తేలేదాకా బావి ముట్టొద్దని కోర్టు ఇద్దరినీ ఆపుతుందని వకీలు చెప్పాడట. అప్పటికి ఇద్దరి వరీ పొట్ట మీద ఉంది. నాలుగు రోజులు నీళ్లు లేకపోతే గడ్డే మిగిలేది.

మొగుళ్లపల్లిలో ఉండే మా మేనత్త ఆ సంగతి విని బస్సెక్కి వచ్చింది. తల్లి లేని ఆ ఇద్దరు తమ్ముళ్లనూ పెంచింది ఆమే. ఇద్దరినీ బావి గట్టున కూర్చోబెట్టింది. తప్పెవరిదో చెబుతుందని నేను ఎదురుచూశాను. ఆమె ఆ ఊసే ఎత్తలేదు.

"ఎవని మాట వాడు చెప్పొద్దు. పెద్దోడా, నువ్వు తమ్ముని లెక్క మాట్లాడు. వాడు గంతే అన్నదాక నీ మాట నేను విన."

నాయిన మీసం సవరించుకొని, "మా అన్న ఇంజన్ పెట్టిండని నాకు కడుపు మండుతాంది," అన్నాడు.

"గట్ల నేనెప్పుడన్న?" అంటూ చిన్నాయిన లేచాడు.

"కూసో నువ్వు. పెద్దోడా, సక్కగ చెప్పు. పొద్దూకినా నాకేం తొందర లేదు. మీ ఇండ్లల్ల వంట చేసేది నేను కాదు."

నాయిన బావిలోకి వంగి చూశాడు. తర్వాత మెల్లగా, "పొద్దుగాల ఎడ్లను కొట్టుకొస్త. బొక్కెన ఇడిస్తె బురదొస్తది. ఎడ్లను వట్టిగ మర్లకొట్టుకపోతాంటె అందరు చూస్తరు. నాకు తల తీసేసినట్లయితది," అన్నాడు.

చిన్నాయిన ముఖం పక్కకు తిప్పుకొని, "గంతే అక్కా," అన్నాడు.

తన వంతు వచ్చినప్పుడు చిన్నాయిన తడుముకోలేదు. ఇంజన్ కలిసి పెట్టుకుందామని తమ్ముణ్ణి అడిగాననీ, ఎడ్లను విడువనని వాడే అన్నాడనీ, మడి నెర్రెలు వారుతుంటే నిద్ర పట్టక ఇంజన్ ఆపలేకపోయాననీ తానే నాయిన అయినట్లు చెప్పాడు. నాయిన అవునని తల ఊపాడు.

ఆ తర్వాత ఒప్పందానికి ఎంతోసేపు పట్టలేదు. పొద్దున నీళ్లు మోటకు, మధ్యాహ్నం దాటాక ఇంజన్‌కు. చిన్నాయిన మళ్లీ వకీలు దగ్గరికి పోలేదు. ఆ పంటకాలంలో ఇద్దరి వరీ ఇంటికి వచ్చింది.

ఇప్పుడు నేను మహబూబాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. కోడలి మీద కోపం వస్తే, నోరు తెరవకముందు ఆమె తరఫున నా మనసులో నేనే వాదిస్తాను. ఆమె వింటే అవునని ఒప్పుకునేంత సరిగ్గా చెప్పేసరికి, చాలాసార్లు నేను అనాల్సింది ఏమీ మిగలదు. ఎప్పుడైనా మిగిలినా, ఇద్దరం చాయ్ తాగుతూ చెప్పుకునేంత చిన్నదే ఉంటుంది.