కొండ మీద దేవత, మగ్గం దగ్గర దొంగ

తిరుత్తణిలో మా అత్తగారింట్లో మగ్గం గుంటలో కూర్చుని ముందుకు వంగితే చాలు, నా గుండె దడదడలాడేది. తల పగిలిపోయేది, రవిక చెమటతో తడిసి ముద్దయ్యేది. నేసిన బట్ట చుట్టుకునే కర్ర పొట్టకు ఒత్తుకున్నప్పుడే ఇలా అవుతోందని లక్షసార్లు చెప్పాను. వింటేగా!

"వంట కాడ రాని నొప్పి మగ్గం కాడ యాడనుంచి వచ్చినాది? అంతా వేషం!" అనేది అత్త. మా ఆయన నూలు కండెలు తెచ్చి నా ముందు పెట్టేవాడు.

ఒక ఏడాది మురుగన్ గుడికి మొక్కు తీర్చడానికి కొండెక్కాం. మెట్టుమెట్టుకూ వంగి పసుపు, కుంకుమ పెట్టాలి. సగం మెట్లకే ఒళ్ళంతా వణికి కూలబడ్డాను. అంతే! "అరోహరా! సామి ఒంటి మీదికి వచ్చినాడు!" అని జనం మూగారు. ఎవరో ఆవిడ తన కూతురి పెళ్ళెప్పుడో చెప్పమంది. నేను నీళ్ళో రామచంద్రా అంటుంటే మా అత్త నా కాళ్ళ మీద పడి, "తప్పుంటే మన్నించు మురుగా" అని ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ గుంటలోకి దిగమంది. ఎంత ఒళ్ళు మండిందో!

ఆరేళ్ళు అలాగే నేశాను. చివరికి గుంటలోనే స్పృహ తప్పితే, మా అన్న వచ్చి తిరువళ్ళూరు తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ, "ఏం చేస్తే వస్తుందమ్మా?" అని అడిగింది. ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. నన్ను ముందుకు వంగమని బీపీ చూసి, ఆవిడే కంగారుపడి స్కాన్ కోసం మద్రాసుకు చీటీ రాసిచ్చింది. అప్పట్లో ఆ మిషను కొత్త.

మూత్రపిండం పైన అడ్రినల్ గ్రంథిలో నిమ్మకాయంత గడ్డ కనబడింది. వంగినప్పుడల్లా అది నలిగి బీపీ పెరుగుతోందట. తీయకపోతే ప్రాణానికే ముప్పన్నారు.

ఆ స్కాన్ ఫిలిం తెచ్చి అత్త ముందు పెట్టాను. కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఆరేళ్ళకు ఇప్పుడైనా ఒక్క మంచిమాట వస్తుందనుకున్నాను.

"అయితే ఆ పొద్దు కొండ మీద వచ్చినోడు మురుగన్ కాదా?" అంది.

"కాదత్తా," అన్నాను. "నేనే. నీ కోడల్ని. ఆ పొద్దు నువ్వు కాళ్ళు పట్టుకున్నది నన్నే."