లేవి చేపలపెట్టె

కోడుమూరు దగ్గర మా ఊళ్ళో తలుపులూ మంచాలూ చేసిపెట్టేవాడు లేవి. ఎంత పనిమంతుడైనా ఊరి బయట పేటవాడు కాబట్టి మాకు 'లేవిగాడే'. నేనూ అలా పిలిచినవాణ్ణే. ఇప్పుడు మర్యాదగా రాస్తే ఆ పాపం పోతుందని కాదు, రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

1954 ఎండాకాలంలో అతని భార్య గురమ్మ నారికురుపుతో పోయింది. కాలిలోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే ఆ జబ్బు అప్పట్లో మా ఊళ్ళో ఇంటింటికీ ఉండేది. ఆమెకు పుండు చీము పట్టి ధనుర్వాతం కమ్మింది. పిల్లలు లేరు. ఆ తర్వాత లేవి గుడిసెలో అలికిడంటే అతని ఉలి చప్పుడొక్కటే.

ఆ పురుగు దిగుడుబావి నీళ్ళతో ఒంట్లోకి వస్తుందనీ, నీళ్ళలోని సన్నటి నలుసుల్లో ఉంటుందనీ, పరిగె చేపల్ని వదిలితే ఆ నలుసుల్ని తినేస్తాయనీ ఊరికొచ్చిన ఆరోగ్య ఇన్‌స్పెక్టరు చెప్పిపోయాడు. అందరం బుద్ధిగా తలూపి ఇళ్ళకు పోయాం. పట్టించుకున్నవాడు లేవి ఒక్కడే. చిక్కేమిటంటే, బావిలో పూడిక తీసేది వైశాఖంలో. చేపల్ని ఆ తర్వాతే వదలాలి. అప్పటికి హంద్రీ ఏట్లో ఇసుక తప్ప ఏమీ ఉండదు. అంటే ఏట్లో నీళ్ళుండగానే చేపల్ని పట్టి, మూడు నెలలు ఎక్కడో ఒకచోట బతికించాలి.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. లేవి అక్కడ ఆఫీసు గదులకు చెక్క అడ్డుగోడలు కట్టే పనికి పోయి, మిగిలిపోయి పారేసిన ప్లైవుడ్ పలకలు బండి మీద తెచ్చుకున్నాడు. ఆరడుగుల పెట్టె చేసి, ముందువైపు పాత కిటికీ అద్దం బిగించాడు. అతుకులకు తారు పూశాడు. ఏట్లో పట్టి తెచ్చి వేసిన చేపలన్నీ తెల్లారేసరికి వెల్లకిలా తేలాయి. ఆ రోజంతా పని మానేసి గడపలో కూర్చున్నాడట. మర్నాడు తారంతా గీకేసి, గుగ్గిలం నూనెలో కాచి పూశాడు. నీళ్ళ బరువుకు పలకలు ఉబ్బకుండా చుట్టూ తుమ్మచెక్క పట్టీలు కొట్టాడు. మళ్ళీ ఏటికి పోయి అరవై పరిగెలు తెచ్చాడు.

పెట్టెలోకి నీళ్ళు మాత్రం మా బావివే. పేటవాళ్ళు బావి మెట్లు దిగకూడదు. దూరంగా కడవ పెట్టుకుని నిలబడితే, మావాళ్ళెవరైనా తెచ్చి పోయాలి. చేపలకు నీళ్ళేమిట్రా అని నవ్వి పోసేవాళ్ళు కొందరు, నవ్వి పోయకుండా పోయేవాళ్ళు కొందరు. అతను మాత్రం ఎండెక్కేదాకా అక్కడే నిలబడేవాడు.

ఒకసారి తలుపు పని చెప్పడానికి వెళ్ళాను. అద్దం ముందు పీట వేసుకుని, జొన్నరొట్టె తింటూ చేపలతో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

"గురమ్మ పోయినంక నాకు మాట్లాడేకి ఎవరుండారు రెడ్డీ" అన్నాడు.

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

పూడిక తీయడం అయింది. నా బండే కట్టాను. పెట్టెలో జానెడు నీళ్ళుంచి, అవి తొణకకుండా వేపరెమ్మలు వేసి, పైన తడిగోనె కప్పాడు లేవి. నలుగురం పట్టి బండికెత్తాం. అతను బండెక్కలేదు. పక్కనే నడుస్తూ, గతుకు వచ్చినప్పుడల్లా అద్దానికి అరచెయ్యి ఆనించాడు.

బావి దగ్గర ఊరిపెద్ద బసవన్న ఆపాడు. చేపలు దిగొచ్చట, లేవి ఇంటి నీళ్ళు దిగకూడదట. అవి మా బావిలోవే, మేం పోసినవే. ఆ మాట మాలో ఒక్కడూ అనలేదు. బావిలోంచి బిందెడు నీళ్ళు తెచ్చి, చేపల్ని గుడ్డతో దేవి అందులోకి మార్చాం. పెట్టెలోని నీళ్ళు మట్టిలో పారబోశారు. లేవి చూస్తూ నిలబడ్డాడు.

బిందె నా చేతికొచ్చింది.

"ఎట్ల ఈదుకుంట పోతాయో బాగా జూసి చెప్పు రెడ్డీ" అన్నాడు లేవి. అతను నిలబడ్డ చోటికి బావి నీళ్ళు కనపడవు.

కిందికి దిగి బిందె వంచాను. అరవై చేపలూ ఒక్కసారిగా తళుక్కుమని విడిపోయి, రాళ్ళ సందుల్లోకి దూరాయి. చూడముచ్చటగా ఉండింది. పైకొచ్చి, "పోయినాయిలే" అని మాత్రం చెప్పి బండి మళ్ళించుకున్నాను.

రెండేళ్ళకు ఊళ్ళో నారికురుపు బాగా తగ్గింది. లేవి రోజూ కడవతో వచ్చి, మెట్లెక్కి వచ్చేవాళ్ళనల్లా అడిగేవాడు. కనపడినాయా, పెద్దయినాయా, పిల్లలేసినాయా అని. తోచిన అబద్ధమో నిజమో చెప్పి పోయేవాళ్ళం. 1959లో అతను పోయాడు. ఖాళీ పెట్టె గుడిసెలోనే ఉంది, అద్దం ముందు పీట కూడా.

నేను అనాల్సిన మాట ఒక్కటే. "దిగి చూసుకో లేవీ." నాలుగేళ్ళు రోజూ అనుకుని, ఒక్కరోజూ అనలేదు.