కుంట నీళ్లలో ఊపిరి

ప్రభువునందు ప్రియ సహోదరులారా, యేసయ్య కబురు నాకు మొదట తెచ్చింది మా బస్తీ జహనుమాలో మా ఇంటికి పాలకు వచ్చే సువార్తమ్మ. పాలచెంబు పక్కన పెట్టి, మా గడప మీదే నాకు అక్షరాలు నేర్పిన ఆ తల్లి ఇప్పుడు ప్రభువు దగ్గర ఉంది.

మా ఒక్కగానొక్క బిడ్డ రాజమణి గొంతువాపుతో ఊపిరి అందక, నోరు తెరిచి తెరిచి మా ఒడిలోనే కన్నుమూసింది. అప్పటినుంచి మా ఆయన సేంది కల్లుకు బానిసయ్యారు, బిడ్డ పేరెత్తడమే మానేశారు, బర్రెలనూ ఇంటి వెనక తడినేలలో తాము తవ్విన చేపల కుంటనూ మరిచారు. అయ్యో, ఆ చీకటి ఎట్లా చెప్పను!

మాగిన పేడ ఎండపొద్దున గంపెడు చల్లితే కుంటనీళ్లు పచ్చబడి, ఆ పచ్చదనం తిని చేపలు పెరుగుతాయి. ఒక మబ్బుదినాన ఆయన మత్తులో పచ్చిపేడ కుప్పంతా నీళ్లలోకి తోసేశారు. పేడ కుళ్లి నీళ్లలో గాలి లేక, తెల్లవారేసరికి చేపలన్నీ ఊపిరాడక పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.

"మల్ల గదే! గట్లనే నోరు తెరుస్తున్నయే!" అంటూ ఆయన లోతుకు నడవబోయారు. మా అత్త వెనకనుంచి నడుము పట్టేసింది.

"చస్తవా కొడుకా? సచ్చే వయసు నాదిరా!" అని, నా వైపు తిరిగి, "బిడ్డనే కాపాడని నీ దేవుడు గీ చేపల్ని కాపాడుతడా? ఏడ్సుడు బంద్ చేసి నీళ్లు కొట్టు!" అంది.

"తండ్రీ, బిడ్డకు ఊపిరెందుకియ్యలేదని అడగను, నా పెనిమిటిని మాత్రం నాకు ఇడిచిపెట్టు" అని ప్రార్థిస్తూ ఆయన చేతికి ముంత ఇచ్చాను. ఏడుస్తూనే ఆయన, నీళ్లలో గాలి కలిసేలా, కుంటనీళ్లే ముంచి ఎత్తునుంచి మళ్లీ కుంటలోకే పోశారు, మేమూ పోశాం, మబ్బు విడి ఎండ వచ్చేదాకా పోస్తూనే ఉన్నాం. చచ్చిన చేపలే ఎక్కువ. మిగిలిన కొన్ని మెల్లగా నోరు మూసుకుని లోపలికి వెళ్లాయి. వాటినే చూస్తూ కూర్చున్న మా ఆయన ఆ సాయంత్రం సేంది దుకాణానికి పోలేదు, ఈనాటివరకూ పోలేదు. దేవునికే మహిమ!

దుఃఖం పోయిందని అబద్ధం రాయను, సహోదరులారా. దుఃఖంలో చెయ్యి వదలనివాడు ఒకడున్నాడు, ఆయనను నమ్మండి. మా ఆయన ఆదివారం నాతో వచ్చి ప్రార్థన గుడి బయటే నిలబడతారు. బిడ్డ పేరు ఇంకా ఆయన నోట రాలేదు. పెనిమిటి పేరు పలకడం మా ఆడవాళ్లలో లేదు, కానీ మీ ప్రార్థనకు పేరు కావాలి గనుక నేనే ముందు పలుకుతున్నాను. తలచుకోండి: మల్లయ్య.