పలుగురాళ్ళకు నేనంటించిన చీటీలు

లోపల గదిలో చప్పుడు ఆగిపోయింది. పిల్లలున్నచోట నిశ్శబ్దమంటే ఏమిటో తల్లులకు చెప్పక్కర్లేదు. ఆ క్షణం ఇన్నేళ్ళూ నా గుండె మీద బరువై కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజులు. బడులు మూశారు. మన్సూరాబాద్‌లో మేం కిరాయికున్న ఇంటి ఓనరు, కింది వాటాలో ఒంటరిగా ఉండే పెద్దాయన. గుంటూరు వైపు మనిషి. గనుల ఇంజనీరుగా మొదలై ప్రభుత్వ ఖనిజ శాస్త్రవేత్తగా రిటైరయ్యారు. రోడ్లు లేని కాలంలో కాలినడకన కొండలు తిరిగి ఏరిన రాళ్ళు ఆయన ముందుగది నిండా ఉండేవి. వాటిని ఒక కాలేజీకి ఇవ్వాలనుకున్నారు. చూపు మందగించింది. జియాలజీ డిగ్రీ చదివానని, ఏ రాయి ఎక్కడిదో రాసి ఉన్న చీటీలు ఊడిపోతుంటే వాటికి జిగురు పెట్టే పని నాకప్పగించి కంటి ఆపరేషన్‌కు వెళ్ళారు.

మా పిల్లల్ని వెంటబెట్టుకుని ఆయన ముందుగదిలో ఆ పని చేస్తున్నాను. బస్సుల్లేక ఎల్బీనగర్ చౌరస్తాలో చిక్కుకున్నానని మా ఆయన ఫోన్ చేస్తే వరండాలోకి వచ్చాను. తిరిగి వెళ్తే పిల్లల చొక్కాల మీద, నుదుటి మీద చీటీలు. నేల మీద ముప్పై పలుగురాళ్ళు, అన్నీ తెల్లగా ఒకేలా. ఏది ఏ కొండదో చెప్పడం నా చదువుతో అయ్యే పని కాదు. ఎక్కడిదో తెలియని రాయి దేనికి పనికొస్తుంది? అది తెలిసీ తోచినట్టు అంటించేశాను.

ఆయన కంటికట్టుతోనే వచ్చి ఒక రాయిని వేళ్ళతో తడిమారు.

"ఇది దేవరకొండది కదమ్మా? దీనికోసమే జారిపడ్డాను. మీ నల్గొండ గుట్టలు నా మోకాలు తినేశాయి" అని నవ్వారు.

"కాదు సార్. చీటీ మీద గూడూరని ఉన్నది."

"గూడూరా? సరిగ్గా చూడు తల్లీ."

"గూడూరే సార్."

ఆయన రాయిని కింద పెట్టేశారు. "అయితే మర్చిపోతున్నానన్నమాట" అన్నారు.

ఎందుకు చెప్పలేదు? ఇల్లు ఖాళీ చేయమంటారనా? పిల్లల్ని తిడతారనా? కాదు. చదువుకున్నదాన్నని ఆయన నామీద పెట్టుకున్న నమ్మకం పోగొట్టుకోలేక, ఆయనకు తనమీద తనకున్న నమ్మకాన్ని పోగొట్టాను. ఆ తర్వాత ఏ రాయి గురించి అడిగినా "చీటీ చూడమ్మా" అనేవారు. రాళ్ళు కాలేజీకి వెళ్ళాయి. తెలంగాణ రాకముందే ఆయన పోయారు.

క్షమించమని అడగడానికి మనిషి లేరు. రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. ఇంకొక్కటుంది, అదీ చెప్పేస్తాను. ఆయనతో గూడూరని అబద్ధమాడిన మర్నాడు పొద్దున మా పెద్దది అడిగింది.

"అమ్మా, చీటీలు మేమే పీకినమని తాతకు చెప్పాల్నా?"

"వద్దు బిడ్డా" అన్నాను. "తాతకు మతిమరుపొచ్చింది. చెప్పినా యాదుండదు."