సారు ఎలాంటి మనిషి

మా సైకాలజీ సారు పోయారు. కూతురే ఫోన్ చేసింది. "అంకుల్, నాన్న లేడు" అంది. ఆ తర్వాత ఏమనాలో తెలియక, "దుకాణం తెరిచారా?" అని అడిగింది.

సారు వరంగల్‌లో కాలేజీ పిల్లలకు సైకాలజీ చెప్పి రిటైరయ్యారు. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు ఆయన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. ఆయనకు వీసా సంపాదించడం వేరే పురాణం, ఇప్పుడొద్దు. పగలంతా అక్కడి నా కిరాణా దుకాణంలో బియ్యం బస్తా మీద కూర్చునేవారు. గోంగూర పచ్చడి కోసం వచ్చిన స్టూడెంట్లను ఆపి మరీ మాట్లాడేవారు.

నేను పదో తరగతి గట్టెక్కనివాణ్ణి. నాకు సైకాలజీ అబ్బింది ఆ బస్తాల మధ్యే. మనిషి స్వభావాన్ని కొలవడానికి ఐదు గుణాలు పెట్టుకున్నారట: కొత్తవాటి మీద ఆసక్తి, పనిలో పద్ధతి, కలుపుగోలుతనం, మెత్తదనం, ఆందోళన. ఏ గుణమైనా ఉందా లేదా అనకూడదు, ఎంత ఉందీ అనాలి. "రేడియో వాల్యూమ్ లెక్క సేటూ. ఎవనికీ బంద్ ఉండదు, ఎక్కువ తక్కువలే" అనేవారు.

ఒకసారి ట్రామ్ స్టాప్ దగ్గర ఎర్ర లైటు పడింది. రోడ్డు మీద ఒక్క బండీ లేదు. అయినా సారు నిలబడిపోయారు. మీకు పద్ధతి మహా ఎక్కువ సారూ అన్నాను.

"ఈడ అందరూ ఆగుతరు. అందరూ చేసేది నా గుణమెట్లయితది? లైటు లేని కాడ చూడు నన్ను."

ఈ దేశంలో పోయినవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పడానికీ మనుషులుంటారు. అంత్యక్రియలకు ముందు అలాంటి జర్మన్ ఆవిడ ఒకామె టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, పెట్టుకుని కూతురింటికి వచ్చింది. నన్నూ పిలిచారు. ఆయన ఎలాంటి మనిషని అడిగిందావిడ. నెమ్మదస్తుడు, ఇంట్లో ఉన్నట్టే తెలిసేది కాదు, అని కూతురు చెప్పింది. అల్లుడు తలూపాడు. తాతయ్య అసలు మాట్లాడడని మనవరాలు జర్మన్‌లో చెప్పింది.

కూతురు నా వైపు తిరిగింది.

"మీ నాన్న మాటకారి తల్లీ" అన్నాను. "దుకాణంలో గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడేవారు."

ఆ మాటను ఆమె జర్మన్‌లోకి మార్చలేదు. "మరి ఇంట్ల ఎందుకు మాట్లాడలే అంకుల్?"

జవాబు నాకు తెలుసు. సాయంత్రానికి కూతురూ అల్లుడూ అలసిపోయి వస్తారు, కంప్యూటర్లు మళ్లీ తెరుస్తారు. మనవరాలికి తెలుగు రాదు. కానీ ఆమె సైకాలజీ సారు కూతురు, నేను చెప్పాల్సిన పని లేకపోయింది. నెమ్మదస్తుడన్న మాట కొట్టేయమంది. ఆ చోట ఏం రాయమంటారని ఆవిడ అడిగితే, ఖాళీగా వదిలేయమంది.

అంత్యక్రియల్లో ఆవిడ ప్రసంగం తొందరగా అయిపోయింది. మిగతా సమయమంతా ఆర్గాన్ వాయించారు.

నిన్న ఆమె దుకాణానికి వచ్చింది. "నాన్న ఏం మాట్లాడేటోడో చెప్పండి అంకుల్. అన్నీ" అంది. మొదలుపెడితే నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ నిన్న త్రాసు తుడుస్తూ ఉండిపోయాను. ఆమె ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పచ్చడి సీసాల పక్కన ఉంచింది. తెర మీద అంకెలు మారిపోతున్నాయి. కోటు గుండీలైనా విప్పకుండా, ఆమె నా నోటివైపే చూస్తూ నిలబడి ఉంది.