వెనక్కి ఇవ్వలేని పిస్తోలు

ఆర్విడ్ టోర్గర్సన్ గారి ఇంట్లో కొత్త వస్తువు వారం దాటి బతికిన దాఖలా లేదు. సోమవారం కొంటారు, గురువారం వెనక్కి తెస్తారు. ఈ సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు మోంటానా మొత్తంలో ఎవరూ లేరు. ఎందుకంటే మా ఊరు రైడర్ ఫోర్క్‌లో, రైతు సరుకుల కొట్టులో, వెనక్కొచ్చిన సామాన్లు తీసుకునే బల్ల దగ్గర కూర్చునేది నేనే. పదకొండేళ్ళుగా కూర్చుంటున్నాను. అందులో చివరి మూడేళ్ళూ అచ్చంగా ఆయన కోసమే కూర్చున్నానని నా అనుమానం.

మా కొట్టులో ఒక కాగితం ఉంటుంది. వస్తువు పేరు, తేదీ, వెనక్కి ఇవ్వడానికి కారణం. జనం మామూలుగా 'పగిలింది' అనో, 'సైజు చాలలేదు' అనో రాయించి పోతారు. ఆర్విడ్ గారి కారణాలు వేరు. ఒకసారి ఊరగాయ సీసా తెచ్చారు, మూత కూడా తీయకుండా.

"రుచి చూడకుండానే నచ్చలేదా అండీ?"

"రుచి దాకా ఎక్కడ వెళ్ళాం? మూతే నచ్చలేదమ్మాయ్. మొండిది."

డెబ్భై నాలుగేళ్ళ వయసులోనూ కంచె గుంజని ఒంటిచేత్తో పీకే మనిషి ఆయన. ఆ చేతులకి మూత మొండికేసిందంటే ఎవరు నమ్ముతారు? అయినా నా ఉద్యోగం నమ్మడం కాదు, రాసుకోవడం. 'మూత మొండిది' అని రాశాను.

తర్వాతి వారం టీ కెటిల్ వచ్చింది.

"దీనికేమైంది?"

"నీళ్ళు పోస్తే బరువెక్కుతోంది."

"నీళ్ళు పోస్తే ఏదైనా బరువెక్కుతుందండీ."

"ఇది మరీ ఎక్కువ ఎక్కుతోంది. రాసుకో."

అలా రాసుకుంటూ పోయాను. కోటు: గుండీలు మాట వినవు. కత్తెర: మనిషిని చూసి బిగుసుకుంటుంది. డబ్బాలు కోసే పరికరాలు ఒకదాని తర్వాత ఒకటి ఆరు వచ్చాయి, ఆరింటికీ ఒకే కారణం: పొగరు. చివరికి ఒక రోజు పొడుగు పిడి ఉన్న తల దువ్వుకునే బ్రష్ తెచ్చి బల్లమీద పెట్టారు.

"ఆర్విడ్ గారూ, మీ తలమీద ఒక్క వెంట్రుక లేదు కదండీ."

ఆయన టోపీ తీసి, తల ఒకసారి నిమురుకుని, "అందుకే నచ్చలేదు," అన్నారు.

ఊళ్ళో ఆయనకి తిరుగుటపా అని పేరు పెట్టారు. ఎదురుగానే అనేవాళ్ళు. ఆయన కోపగించుకునేవారు కాదు, ఇంకాస్త వంగి నడిచేవారు అంతే. నేనూ ఆ నవ్వుల్లో ఉన్నదాన్నే, దాచడమెందుకు.

ఈ మనిషి మొన్న మే నెలలో మా కొట్టులో తుపాకుల బల్ల దగ్గర కనబడేసరికి నేను చేతిలో కాగితం వదిలేసి అటే చూశాను. ఎందుకంటే ఆ బల్ల వెనక గోడకి ఇంత పెద్ద అట్ట ఉంటుంది: అమ్మిన తుపాకీ వెనక్కి తీసుకోము. కాగితాలమీద సంతకం పెట్టి గడప దాటితే అది మీది, మీతోనే ఉంటుంది. ఆ బల్ల చూసుకునే డెల్మర్ ఈ ఒక్క విషయంలో కన్నతల్లి మాట కూడా వినడు.

ఆర్విడ్ గారు అడిగింది పెద్ద తుపాకీ కాదు. చిన్న పాయింట్ టూటూ పిస్తోలు. ఖాళీ డబ్బాలు వరసగా నిలబెట్టి సరదాకి కొట్టుకోవడానికి తప్ప మరి దేనికీ పెద్దగా అక్కరకు రానిది. ఆయన అరచేతిలో పెడితే సబ్బుబిళ్ళలా ఉంది. ఆ పిస్తోలు పైభాగాన్ని వెనక్కి లాగి వదిలితేనే మొదటి తూటా లోపలికెక్కుతుంది. ఆ లాగడం దగ్గరే వచ్చింది పేచీ.

"పెద్దాయనా, గుప్పిటంతా వేసి లాగండి," అన్నాడు డెల్మర్. "అలా రెండు వేళ్ళతో జున్నుముక్క పట్టుకున్నట్టు కాదు."

"రెండు వేళ్ళతో వచ్చేది ఉందా?"

"మీకెందుకండీ అది? ఎద్దు కొమ్ములు వంచే చేతులు మీవి."

"ఉందా, లేదా?"

మూడు వారాలు వచ్చారు. డెల్మర్ పదకొండు పిస్తోళ్ళు బయటికి తీశాడు. ప్రతిదాన్నీ ఆయన ఎడమచేతి రెండు వేళ్ళతో, అదీ సగం బలంతో లాగి చూసి, తల అడ్డంగా ఊపి కింద పెట్టేవారు. పదకొండోది కాస్త మెత్తగా వెనక్కొచ్చింది. డెల్మర్ అప్పటికి నీరసించిపోయి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇది నచ్చకపోతే?" అన్నారు ఆర్విడ్ గారు.

"ఆ అట్ట చదవండి."

"చదివాను. ఏమాత్రం తీసుకోరా?"

"నేను పోయినా తీసుకోను. నా తర్వాత మా అబ్బాయి కూర్చుంటాడు, వాడూ తీసుకోడు."

సంతకం పెట్టడానికి ఆయన పెన్ను అందుకున్నారు. పెన్ను రెండుసార్లు కింద పెట్టి, రెండుసార్లు మళ్ళీ తీశారు. ఎన్ని రోజుల్లో ఏడుస్తూ తిరిగొస్తారో అని కొట్టులో అందరూ పందాలు వేసుకున్నారు.

మర్నాడే వచ్చారు. చేతుల్లో ఏమీ లేదు.

"వెనక్కివ్వడానికి రాలేదమ్మాయ్. ఊరికే చెప్పి పోదామని."

"చెప్పండి."

"దాంతో ఒక పుస్తకం ఇచ్చారు. అరవై పేజీలు. యాభై పేజీల్లో ఏం చేయకూడదో ఉంది. లోపల తూటా లేనప్పుడు ట్రిగ్గర్ నొక్కకూడదట, పాడవుతుందట. కొట్టులో నేను నొక్కానా?"

"నొక్కలేదు."

"డెల్మర్ నొక్కాడా?"

నాకు తెలీదన్నాను. డెల్మర్ దగ్గరికి వెళ్ళి వచ్చారు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఒక్కసారి నొక్కాడట. ఒక్కసారికి ఏం కాదంటున్నాడు. నువ్వేమంటావు?"

ఆ మర్నాడు బొటనవేలికి కట్టుతో వచ్చారు. తూటాలు పేర్చే మ్యాగజైన్ గురించి ఆ రోజు ఫిర్యాదు. "తొమ్మిది తూటాల దాకా మర్యాదగానే ఉంటుంది. పదోది పెట్టబోతే స్ప్రింగ్ ఎదురుతిరుగుతుంది. పక్కన చిన్న బొత్తాం పెట్టాడు, అది కిందికి లాగి పట్టుకోవాలి. ఎవరికి సాధ్యం?" మూడో రోజు పిడి గురించి. చిటికెన వేలు పట్టక గాలిలో వేలాడుతోందట.

"మీ చిటికెన వేలికి ఏ పిడీ చాలదండీ."

"నా వేలి సంగతి కాదులే," అని ఠక్కున ఆగి, గురి చూసే తెల్ల చుక్కల గురించి ఎత్తుకున్నారు.

వారం రోజులు ఇదే వరస. ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. నేనిచ్చిన కాఫీ బల్లమీదే చల్లారిపోయేది. అన్నీ చెబుతున్నారు గానీ అసలుది చెప్పడం లేదని నాకే తట్టింది.

"ఇంతకీ ఎలా పేలుతోంది?"

"ఇంకా పేల్చలేదు."

"వారమైంది కదండీ."

"పేలిస్తే తెలిసిపోతుంది కదా, పనికొస్తుందో లేదో. పనికిరాకపోతే ఎక్కడికి తీసుకెళ్ళను? ఇంట్లోనే ఉండిపోతుంది. రోజూ కళ్ళబడుతుంది."

"లావోన్ టీచర్‌కి చూపించారా?"

లావోన్ ఆయన భార్య. నాకు మూడో తరగతిలో పాఠాలు చెప్పారు, నాకే కాదు, సగం ఊరికి. జూలై నాలుగు స్వాతంత్ర్య దినం పండక్కి ఊరంతా కలిసి డబ్బాలు కొట్టే పోటీ పెట్టుకుంటే పాతికేళ్ళపాటు మగవాళ్ళందరినీ ఆవిడే ఓడించారు. మూడేళ్ళ కిందట ఉన్నట్టుండి మానేశారు. విసుగొచ్చిందన్నారు. ఊళ్ళోకి రావడం కూడా తగ్గించారు. ఎప్పుడైనా వస్తే చేతులు కోటు జేబుల్లోంచి తీయరు. టీచరు కదా, ఠీవి అనుకున్నాం.

"చూపించలేదు," అన్నారాయన. "పశువుల కొట్టంలో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను."

"తిడతారని భయమా?"

"తిడితే బావుణ్ణు. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోతుంది. అదీ నా భయం."

నాకు సగమే అర్థమైంది. ఆయన బల్లమీదికి వంగి గొంతు తగ్గించారు. "ఆదివారం చర్చి అయ్యాక కంకర గుంటకి వస్తావా? లావోన్‌ని తీసుకొస్తాను. ఆ పిస్తోలు గనక పని చేయకపోతే నువ్వు పక్కనుండి గట్టిగా ఒక మాట అనాలి. ఆర్విడ్‌కి ఏదీ నచ్చదు అని. రోజూ అందరూ అనేదే కదా, కొత్తగా నేర్చుకోనక్కర్లేదు."

ఆ కళ్ళు చూశాక రానని ఎలా అంటాను?

కంకర గుంటకి మూడువైపులా మట్టిగోడలు. ఆయన గోడ వారగా చెక్క పలక మీద చిక్కుడుగింజల డబ్బాలు ఆరు నిలబెట్టారు. నిలబెట్టి, జరిపి, మళ్ళీ జరిపారు. టీచర్ బండిలోంచి దిగి, చేతులు జేబుల్లోనే ఉంచుకుని నిలబడ్డారు.

"నేను మానేశానని చెప్పాను కదా ఆర్విడ్."

"చెప్పావు. ఇది నాకోసం కొన్నాను. నాకు నచ్చలేదు. మూలన పారేసే ముందు నువ్వొకసారి చూస్తావేమోనని."

ఆవిడ ఆయన తెరిచిన పిస్తోలు పెట్టెలోకి తొంగి చూశారు. "వీటిని కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోరు."

"తీసుకోరు."

"తెలిసే కొన్నావా?"

"తెలిసే."

ఆవిడ జేబుల్లోంచి చేతులు తీశారు. మూడేళ్ళలో ఆ చేతులు నేను చూడటం అదే మొదటిసారి. కణుపులు ఉబ్బిపోయి, వేళ్ళు పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. బోర్డుమీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసిన చేతులు అవి.

మొండి మూత, మాట వినని గుండీలు, బరువెక్కే కెటిల్, బట్టతలకి బ్రష్. అన్నీ నా చేత్తో నేనే రాశాను. ఒక్క కారణమూ ఆయనది కాదు. ఆవిడ చేతులకి లొంగని ప్రతి వస్తువునీ తనకే నచ్చలేదని చెప్పి మోసుకొచ్చి, ఊరి నవ్వంతా తన నెత్తిమీద వేసుకున్నారు. ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నానని తలుచుకుంటే నాకు సిగ్గేసింది.

టీచర్ పిస్తోలు తీసుకున్నారు. చిటికెన వేలితో సహా ఆ చేతికి సరిగ్గా అమరింది. ఎడమచేతి రెండు వేళ్ళతో పైభాగం లాగారు. సగం వచ్చి జారి వెనక్కి పోయింది. మళ్ళీ లాగారు. మళ్ళీ జారింది. ఆవిడ పెదవులు బిగుసుకున్నాయి.

"చూశావా, బిగుతు," అని ఆర్విడ్ గారు తొందరపడ్డారు. "నాకూ అంతే. పనికిమాలినది. అమ్మాయ్, నువ్వు చెప్పు."

ఆ మాట అనాలని నాకు లేదు. అయినా అన్నాను. "ఆర్విడ్ గారికి ఏదీ నచ్చదు టీచర్."

"మీరిద్దరూ కాసేపు నోళ్ళు మూసుకోండి," అన్నారు టీచర్, మూడో తరగతి గొంతుతో. ఇద్దరం మూసుకున్నాం.

ఆవిడ పిస్తోలు మొన గోడవైపే ఉంచి, ఎడమ అరచేతిని పైభాగం మీద గట్టిగా అదిమి కదలకుండా పట్టారు. కుడిచేత్తో పిడిని ముందుకి ఒక్క తోపు తోశారు. టక్కుమని లోపల తూటా ఎక్కింది.

"లాగలేకపోతే తోస్తే సరి," అన్నారు.

మూడు వారాలు పదకొండు పిస్తోళ్ళు లాగిన మనిషి నోరు తెరుచుకుని ఉండిపోయారు. ఇక అక్కడినుంచి ఆయన చూడలేకపోయారు. మోతకి అడ్డంగా చెవులకి డిప్పలు పెట్టుకుని, గోడకి వీపు తిప్పి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ప్రతి దెబ్బకీ ఒక డిప్ప పైకెత్తి ఒకటే ప్రశ్న.

"తగిలిందా?"

"తగిలింది."

"నిజంగా?"

"డబ్బా ఎగిరి పడిందండీ, తిరిగి చూడండి."

"వద్దులే. తర్వాతది?"

నాలుగో తూటా పేలాక దాని ఖాళీ గొట్టం బయటికి రాకుండా ఇరుక్కుంది. "అయిపోయింది, నాకు తెలుసు," అని ఆయన గొణిగారు. టీచర్ పిస్తోలు పక్కకి వంచి, మళ్ళీ ఆ తోపే తోశారు. ఇరుక్కున్నది రాలి కిందపడింది. "తూటాలు నాసిరకం," అన్నారు. "తుపాకీ బాగానే ఉంది."

తూటాలు అయిపోయాక ఆవిడ దాన్ని తెరిచి ఖాళీగా బండి వెనక పెడితే, ఆర్విడ్ గారు డబ్బాలు మళ్ళీ నిలబెట్టడానికి వెళ్ళారు. టీచర్ నావైపు జరిగారు.

"ఆ కెటిల్ నాకు బాగానే ఉండేది కొరీన్. టీ వేడిగా ఉండి ఒకసారి మొహం చిట్లించాను. నేను కప్పు కింద పెట్టేలోగా దాన్ని పట్టుకుని బండెక్కేశాడు."

"మరి చెప్పలేదేం టీచర్?"

"ఊరంతా నవ్వుతున్నా నా చేతుల మాట ఒక్కరికీ చెప్పలేదు ఆ మనిషి. అలాంటివాడితో కెటిల్ కోసం ఏం పోట్లాడను?"

రెండో విడతలో ఆవిడ తొమ్మిది తూటాలకి అయిదు డబ్బాలు పడగొట్టారు. ఆరోది ఒకటే మిగిలింది, తూటా కూడా ఒకటే. గురి చూసి కొట్టారు. డబ్బాకి బెత్తెడు పక్కన దుమ్ము లేచింది.

"తగిలిందా?" అన్నారు వీపు తిప్పుకున్న మనిషి.

టీచర్ నన్ను చూశారు. "తగిలింది," అన్నాను.

ఏమనుకున్నారో, ఈసారి కళ్ళు తెరిచి వెనక్కి తిరిగారు. డబ్బా నిటారుగా నిలబడి ఉంది. టీచర్ ఖాళీ పిస్తోలు కింద పెట్టి ఆకాశంలోకి చూస్తున్నారు. ఆయన డబ్బాని చూశారు, నన్ను చూశారు. చెవుల డిప్పలు మెడమీదికి లాక్కుని, గోడదాకా తాపీగా నడిచి వెళ్ళి, ఒక్క వేలితో ఆ డబ్బాని తోసి, అంతే తాపీగా తిరిగొచ్చారు.

"పడింది," అన్నారు.

"కాస్త ఆలస్యంగా పడింది," అని టీచర్ ఖాళీ మ్యాగజైన్ బయటికి తీసి, మళ్ళీ నింపమని ఆయన చేతిలో పెట్టారు.